సరుకు వాహనాల పైకప్పుపై పని భద్రత

లారీలు, ట్రైలర్లు, కంటైనర్లు, ట్యాంకర్ల పైభాగానికి ఎక్కి పని చేసేవారు క్రింద పడకుండా, విద్యుత్ తీగలకు తగలకుండా, పైకప్పు విరిగి లోపలికి జారకుండా తీసుకొనే జాగ్రత్తలను, చేసే ఏర్పాట్లను కలిపి సరుకు వాహనాల పైకప్పుపై పని భద్రత అంటారు. వాడుకలో లారీ పైభాగాన్ని 'టాపు' అని, అక్కడికి వెళ్ళడాన్ని 'టాపెక్కడం' అని వ్యవహరిస్తారు. కార్ఖానా కప్పుమీద గాని, కట్టడం మీద గాని పనిచేసేవారికి పరంజా ఉంటుంది. అది పని పూర్తయ్యేదాకా అక్కడే నిలిచి ఉంటుంది. లారీ టాపు అలా కాదు. అది గంటకొక చోట ఉంటుంది, ఒక్కోసారి పైన మనిషి ఉండగానే కదులుతుంది. ఈ పనిలోని ప్రమాదాలు చాలావరకు ఈ ఒక్క తేడా నుండి పుట్టినవే.

దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ ప్రాంతం

హైదరాబాదు తూర్పు భాగంలోని మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ఒకే రహదారిపై వరుసగా ఉన్నాయి. ఇది విజయవాడకు పోయే జాతీయ రహదారి. పూర్వం దీని సంఖ్య 9, ఇప్పుడు 65. కోస్తా జిల్లాల నుండి నగరానికి వచ్చే సరుకులో పెద్ద భాగం ఈ దారినే వస్తుంది. నాగార్జునసాగర్ వైపు నుండి వచ్చే వాహనాలు కూడా ఎల్.బి.నగర్ కూడలి దగ్గరే నగరంలోకి చేరుతాయి.

ఈ ప్రాంతంలో లారీ టాపుపై పనికి చిరకాలం కేంద్రంగా ఉన్నది గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. మొజంజాహీ మార్కెట్‌లో జరిగే పండ్ల వ్యాపారం 1986లో కొత్తపేట దగ్గర సుమారు 22 ఎకరాల ఆవరణకు మారింది. ఎండకాలం వచ్చిందంటే మామిడి లారీలు, మిగిలిన నెలలలో బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ లారీలు అక్కడ బారులు తీరేవి. రాత్రంతా దించడం, తెల్లవారుజామున వేలం, మళ్ళీ ఎగుమతికి ఎత్తడం. పనిలో ఎక్కువ భాగం చీకటిలోనే జరిగేది. 2021లో మార్కెట్‌ను అబ్దుల్లాపూర్‌మెట్ సమీపంలోని బాటసింగారానికి తరలించారు. శాశ్వత మార్కెట్‌కు కొహెడలో స్థలం నిర్ణయించారు. ఖాళీ అయిన గడ్డిఅన్నారం స్థలంలో 2022 ఏప్రిల్‌లో తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మార్కెట్ వెళ్ళిపోయినా హమాలీల పని మారలేదు, పనిచేసే చోటు మాత్రమే మారింది.

వనస్థలిపురం, హయత్‌నగర్‌ల మధ్య రహదారి పక్కన ఉన్న ఆటోనగర్ రెండవ కేంద్రం. లారీ బాడీలు కట్టడం, వెల్డింగు, రంగులు వేయడం, కమాను కట్టలు మార్చడం, కంటైనర్ కప్పులు కారకుండా అతుకులు వేయడం ఇక్కడి పనులు. ఇక దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో రాత్రిపూట బయలుదేరే ప్రైవేటు బస్సుల దగ్గర పార్సిళ్ళు ఎక్కించే కుర్రవాళ్ళు, రహదారి పక్కన లారీ ఆపి తాళ్ళు బిగించే క్లీనర్లు, నీళ్ళ ట్యాంకర్లపై నిలబడి గొట్టం పట్టుకొనే సహాయకులు ఉన్నారు. వీరిలో ఎవరికీ 'ఎత్తులో పనిచేసేవాడు' అన్న పేరు లేదు. తాము ప్రమాదకరమైన వృత్తిలో ఉన్నామని వారు అనుకోరు, వారి యజమానులు అసలే అనుకోరు.

నగరంలో పగటివేళ భారీ వాహనాలపై ఆంక్షలు ఉన్నందున ఎత్తుడు దించుడు పనులు రాత్రికి, తెల్లవారుజాముకు జరిగిపోతున్నాయి. దీనివలన ట్రాఫిక్కుకు మేలు జరిగినా, టాపుపై ఉన్నవాడికి వెలుతురు తగ్గింది, నిద్ర తగ్గింది. ఎల్.బి.నగర్ కూడలిలో ఆకాశ వంతెనలు, క్రింది దారులు వచ్చాక, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మొదలయ్యాక, రహదారి అంచున లారీ ఆపుకొనే జాగా బాగా తగ్గింది. అందుచేత లోపలి వీధులలో, విద్యుత్ తీగల క్రిందనే లారీలు ఆపి పని కానిస్తున్నారు.

టాపు ఎక్కవలసిన సందర్భాలు

బస్తాలు, పండ్ల పెట్టెలు, పత్తి బోరాలు, ఎండుగడ్డి వంటివి పేర్చడం, దించడం మొదటిది. పేర్చిన సరుకుపై టార్పాలిన్ కప్పి మోకులు బిగించడం రెండవది. ఈ టార్పాలిన్‌ను తెలంగాణలో తాటిపత్రి అని, కోస్తాలో పట్టా అని కూడా అంటారు. మూసిన బాడీ గల వాహనాల పైకప్పు కారుతున్నప్పుడు మరమ్మతు చేయడం, కడగడం, రంగు వేయడం, కంటైనర్లకు క్రేను కొక్కేలు తగిలించడం, పెట్రోలు ట్యాంకర్ల మూతలు తీసి కొలకర్రతో కొలవడం మరికొన్ని. పెట్రోలు ట్యాంకర్ల విషయంలో చర్లపల్లి వంటి చమురు డిపోలలో కంచెతో కూడిన నడక వేదికలు ఉంటాయి. చమురు కంపెనీల నియమాలు కఠినమైనవి కాబట్టి అక్కడి పరిస్థితి కొంత మెరుగు. అదే ట్యాంకరు ఆకారంలో ఉన్న మంచినీటి ట్యాంకరుపై మాత్రం ఇటువంటి కట్టుబాటు కనిపించదు. తడిసిన గుండ్రని రేకుపై చెప్పులతో నిలబడి, ఒక చేత్తో గొట్టం పట్టుకొన్న సహాయకుడిని వేసవిలో ఈ ప్రాంతంలో ఏ కాలనీలోనైనా చూడవచ్చును.

ఎత్తు, అంచు

సరుకు వాహనం గరిష్ఠ ఎత్తు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చాలాకాలం 3.8 మీటర్లుగా ఉండి, 2020 సవరణతో 4 మీటర్లు అయింది. కంటైనర్ మోసే ట్రైలర్లు ఇంతకంటె కొంత ఎత్తుగా ఉంటాయి. సాధారణ కంటైనర్ ఎత్తు 2.59 మీటర్లు, హైక్యూబ్ రకానిది 2.90 మీటర్లు. దానికి ట్రైలరు మంచం ఎత్తు కలుపుకోవాలి. స్థూలంగా టాపు అంటే నేలకు 4 మీటర్లు, అనగా ఒక అంతస్తు మేడకంటె ఎక్కువే.

నాలుగు మీటర్ల ఎత్తునుండి జారిన మనిషి 0.9 సెకండులో నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు సుమారు 32 కిలోమీటర్లు. చేతులు అడ్డం పెట్టుకొనేందుకో, పక్కనున్న మోకు అందుకొనేందుకో ఆ వ్యవధి చాలదు. పడేది తారురోడ్డుపై గాని సిమెంటు నేలపై గాని కాబట్టి తల, వెన్నెముక, తుంటి దెబ్బతినడం సాధారణం.

ఎత్తుకంటె తక్కువగా గమనించే విషయం వెడల్పు. లారీ వెడల్పు 2.6 మీటర్లకు మించరాదు. కాబట్టి టాపుపై సరిగ్గా నడిమి గీతపై నిలుచున్నవాడికి కూడా ఇరువైపులా అంచు 1.3 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అది రెండు అడుగుల నడక. 1.7 మీటర్ల పొడవున్న మనిషి నడిమధ్యలో తూలి పక్కకు పడితే అతని తల, భుజాలు అంచు దాటి బయటకు వస్తాయి. "అంచు దగ్గరకు పోకు" అన్న హెచ్చరిక మేడపై పనికి సరిపోతుంది. లారీ టాపుపై అంచు కానిదంటూ ఏదీ లేదు.

విద్యుత్ తీగలు

ఈ ప్రాంతంలో టాపుపై పనిచేసేవారికి జారిపడడం ఒక గండమైతే, తలపైని తీగ అంతకంటె పెద్ద గండం. వీధులలోని తీగలలో ఇళ్ళకు పోయే తక్కువ వోల్టేజీవి, ట్రాన్స్‌ఫార్మర్లకు పోయే 11 కె.వి., ఉపకేంద్రాల మధ్య పోయే 33 కె.వి. రకాలు ఉన్నాయి. వీటికి తోడు కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు అదే స్తంభాలపై వేలాడుతుంటాయి. క్రిందినుండి చూసేవాడికి ఏది ఏదో తెలియదు. అందువలన ప్రతి తీగనూ ప్రాణమున్న తీగగానే భావించవలెను.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం వీధిని అడ్డంగా దాటే తీగ నేలకు కనీసం ఇంత ఎత్తున ఉండాలి: తక్కువ వోల్టేజీ తీగ 5.8 మీటర్లు, 11 లేక 33 కె.వి. తీగ 6.1 మీటర్లు. వీధి వెంట పోయే తీగలకు ఈ కొలతలు వరుసగా 5.5, 5.8 మీటర్లు. ఇప్పుడు లెక్క చూడండి. టాపు ఎత్తు 4 మీటర్లు. దానిపై నిలుచున్న మనిషి తల 5.7 మీటర్ల ఎత్తుకు వస్తుంది. చేయి పైకెత్తితే వ్రేళ్ళు 6.1 మీటర్లను దాటుతాయి. అంటే నిబంధనలన్నీ తుచ తప్పక పాటించిన వీధిలో కూడా, నిబంధనల ప్రకారమే ఉన్న లారీపై నిలబడి చేయి చాచినవాడికి తీగ అందుతుంది. తీగ ఎత్తును నిర్ణయించినవారు క్రిందినుండి పోయే వాహనాన్ని దృష్టిలో పెట్టుకొన్నారే గాని దానిపై నిలుచున్న మనిషిని కాదు. దీనికి మరో రెండు విషయాలు తోడవుతాయి. ఎండ వేడికి, భారానికి తీగ సాగి క్రిందికి వేలాడుతుంది. పాత రోడ్డుపైనే కొత్త రోడ్డు వేస్తూ పోవడం వలన నేల మట్టం పెరుగుతుంది.

అధిక వోల్టేజీ తీగను తాకనవసరం లేదు. బాగా దగ్గరకు వచ్చినా విద్యుత్తు గాలిలో దూకి శరీరంలోకి ప్రవహించవచ్చును. 50 కె.వి. వరకు గల తీగలకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలని అమెరికా భద్రతా నియమాలలో ఉంది. మన వీధులలో లారీ టాపుపై ఈ దూరం దొరకడం అసాధ్యం కాబట్టి మిగిలిన మార్గం ఒక్కటే: తీగ క్రింద లారీ ఆపి టాపు ఎక్కరాదు. పది గజాలు ముందుకో వెనుకకో తీసుకొని ఆపితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. అది సాధ్యం కానప్పుడు విద్యుత్ సంస్థకు ముందుగా తెలిపి సరఫరా నిలిపించుకోవాలి.

ఊరేగింపుల కాలంలో ఈ గండం మరింత పెరుగుతుంది. వినాయక చవితికి నాగోలు, ధూల్‌పేటల నుండి పెద్ద విగ్రహాలను ట్రైలర్లపై తీసుకువస్తారు. నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువుకు తీసుకుపోతారు. విగ్రహం పక్కన నిలబడి కర్రతో తీగలను పైకెత్తి దారి చేయడం ఒక ఆనవాయితీగా మారింది. ఎండిన వెదురు విద్యుత్తును సులభంగా ప్రవహింపజేయకపోయినా, తడిసిన వెదురు, పచ్చి కర్ర ప్రవహింపజేస్తాయి. వినాయక చవితి వానాకాలంలో వస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించారు. ఈ ప్రాంతం దిల్‌సుఖ్‌నగర్‌కు దూరం కాదు. ఆ తరువాత నగరంలో విద్యుత్ స్తంభాలపై అడ్డదిడ్డంగా ఉన్న కేబుల్ తీగల తొలగింపును పెద్దయెత్తున చేపట్టారు. అక్కడ టాపుపై ఎవరూ నిలబడలేదు, నేలపైనుండి రథాన్ని నెడుతున్నవారే బలి అయ్యారు. ఎత్తైన లోహపు వస్తువు తీగకు తగిలితే దానిని పట్టుకొని నేలపై నిలుచున్నవారికే ఎక్కువ ముప్పు.

లారీకి తీగ తగిలినప్పుడు డ్రైవరు కేబిన్‌లోనే ఉండడం క్షేమం. లారీ కదిలే స్థితిలో ఉంటే తీగనుండి విడిపడేలా నడపవచ్చును. నిప్పంటుకొని దిగక తప్పనప్పుడు బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళు దగ్గర చేర్చి దూకి, పాదాలు నేలనుండి ఎత్తకుండా చిన్న చిన్నగా జరుగుతూ దూరం పోవాలి. అడుగు పెద్దదిగా వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా ఏర్పడుతుంది. ఎండుగడ్డి, పత్తి లోడు తీగకు తగిలితే నిప్పురవ్వలకు బండి మొత్తం అంటుకొంటుంది. ఇటువంటి లోడులు అనుమతించిన ఎత్తుకు మించి ఉండడమే ఇందుకు కారణం.

పైకప్పు బలం

చూపులకు ఒకేలా ఉన్నా అన్ని పైకప్పులూ మనిషిని మోయవు. ఓడ కంటైనర్ కప్పు సుమారు 2 మిల్లీమీటర్ల మడతల ఉక్కు రేకు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 600 x 300 మిల్లీమీటర్ల జాగాపై 300 కిలోల బరువును మోసేలా దానిని పరీక్షిస్తారు. ఇద్దరు మనుషుల బరువుకు ఇది చాలును, తుప్పు పట్టనంతవరకు. ఎన్నో సముద్రాలు తిరిగి గోదాముగా మారిన పాత కంటైనర్‌కు ఈ హామీ లేదు.

పార్సిల్ వాహనాల అల్యూమినియం బాడీ వేరు. దాని కప్పు పలుచని రేకు. క్రింద అక్కడక్కడ అడ్డ దూలాలు మాత్రమే ఉంటాయి. రివెట్ల వరుస ఉన్నచోట దూలం ఉందని గుర్తు. అడుగు వేయక తప్పకపోతే ఆ వరుసలపైనే, పలక వేసుకొని, వేయాలి. లోపలికి వెలుగు రావడానికి బిగించిన ఫైబర్ పలకలు అన్నిటికంటె మోసకరమైనవి. ఎండకు పెళుసెక్కి, దుమ్ము పట్టి, మిగతా రేకుతో కలిసిపోయి కనిపిస్తాయి. వాటిపై కాలు పెట్టినవాడు నేరుగా లోపలికి పోతాడు. ఆటోనగర్ పనివారిలో అనుభవజ్ఞులు కప్పు ఎక్కకముందు లోపలికి వెళ్ళి తలుపులు మూసి పైకి చూస్తారు. వెలుగు వచ్చిన చోటెల్లా అడుగు పెట్టరాని చోటు. ఖర్చులేని ఈ పరీక్షను మించినది లేదు.

సరుకే పైకప్పుగా ఉన్న లోడులలో పేర్పు ముఖ్యం. బస్తాలను ఇటుకల గోడవలె ఒక వరుస అతుకు మరొక వరుస నడుమకు వచ్చేలా పేర్చాలి. ఒకదానిపై ఒకటి నిట్టనిలువుగా పేర్చిన దొంతర ఒక బస్తా లాగగానే కూలుతుంది. ప్లాస్టిక్ సంచులు గోనెసంచులకంటె జారుడు. దించేటప్పుడు మెట్లుమెట్లుగా దించుకు రావాలి గాని ఒక పక్కనే తవ్వుకుంటూ పోరాదు.

తాటిపత్రి కప్పడం

టాపుపై జరిగే పనులలో అందరూ తేలికగా తీసుకొనేది ఇదే, ఎక్కువమందిని పడవేసేదీ ఇదే. కారణం పనిలోని కదలికలోనే ఉంది. తాటిపత్రిని లాగేవాడు వెనుకకు నడుస్తాడు. వెనుక ఎంత జాగా ఉందో చూడడు. మోకును బిగించేవాడు తన బరువంతా వెనుకకు వేసి లాగుతాడు. మోకు తెగినా, ముడి జారినా, క్రింద పట్టుకొన్నవాడు వదిలినా ఆ బరువంతా గాలిలోకి పోతుంది. తాటిపత్రి కప్పిన తరువాత క్రింద సరుకు ఎక్కడ ముగిసిందో కనబడదు. రెండు బస్తాల నడుమ సందుపై, లేదా డాలా అవతల ఖాళీపై అడుగు వేసే ప్రమాదం ఉంది. విప్పిన తాటిపత్రి తెరచాప వంటిది. జూన్, జూలైలలో ఈదురుగాలి వీచేటప్పుడు ఒక్కడే దానిని పట్టుకోవడం గాలిపటం తాడు నడుముకు కట్టుకోవడం వంటిది.

అందుచేత ఇద్దరు క్రింద, ఒకరు పైన ఉండి చేయడం మంచిది. తాటిపత్రిని నేలపైనే మడతపెట్టి, తాడుతో టాపు నడిమికి చేర్చి, అక్కడినుండి ముందుకూ వెనుకకూ విప్పుకుంటూ రావాలి. ఇరుపక్కలకు క్రిందివారు తాళ్ళతో లాగాలి. పైనున్నవాడు మోకాళ్ళపై ఉంటే బరువు క్రిందికి ఉంటుంది. మోకు బిగించే పని అంతా నేలపైనుండే జరగాలి. పళ్ళచక్రంతో బిగుసుకొనే బెల్టులు వచ్చాక పైనుండి లాగవలసిన అవసరమే లేదు, కాని వాటి ధర మోకుకంటె ఎక్కువ. పాత మోకును చవకగా భావించే యజమాని దానిని పరీక్షించడం కూడా మానేస్తాడు. చివికిన పోగులు, పాత ముడులు, ఎండకు తెల్లబారిన నైలాను కనబడితే ఆ మోకును తీసివేయవలెను.

ఎక్కడం, దిగడం

పడిపోయేవారిలో చాలామంది పని చేస్తూ కాక ఎక్కుతూనో దిగుతూనో పడతారు. లారీ టైరుపై, అద్దం కడ్డీపై, కంటైనర్ తలుపు గొళ్ళెం కడ్డీలపై కాలు పెట్టి ఎక్కడం మామూలు. ఇవేవీ మనిషి బరువు కోసం చేసినవి కావు. నిచ్చెన వాడినప్పుడు నాలుగు మీటర్ల ఎత్తుకు ఒక మీటరు దూరంలో దాని పాదం ఉండాలి. పైకొస టాపుకు మించి ఒక మీటరు పొడుగ్గా ఉండాలి. లేకపోతే టాపుపైనుండి నిచ్చెనపైకి మళ్ళేటప్పుడు చేతికి ఆధారం దొరకదు. తీగలున్న చోట అల్యూమినియం నిచ్చెన పనికిరాదు. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు ఆధారం మీద ఉండాలి. అంటే చేతిలో పనిముట్టు ఉండరాదు. దానిని తరువాత తాడుతో పైకి లాగుకోవాలి.

పైన మనిషి ఉండగా బండి కదలడం మరొక ప్రమాదం. క్రింద "రైట్ రైట్", "ఓల్డాన్" అన్న కేకలతో నడిచే ఏర్పాటు సందడిలో విఫలమవుతుంది. డ్రైవరు ఒక భాష, హమాలీ ఒక భాష అయినప్పుడు మరీ. టాపు ఎక్కేవాడు బండి తాళంచెవిని తన జేబులో వేసుకొని ఎక్కడం అన్నిటికంటె నమ్మకమైన పద్ధతి. చక్రాలకు అడ్డు దిమ్మలు, చేతి బ్రేకు తప్పనిసరి.

మే నెలలో హైదరాబాదులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. లోహపు కప్పు అంతకంటె చాలా వేడెక్కుతుంది. కాళ్ళు కాలినవాడు త్వరగా అడుగులు వేస్తాడు, వడ తగిలినవాడు కళ్ళు తిరిగి పడతాడు. వానాకాలంలో రేకు, చలికాలం వేకువన మంచు పట్టిన రేకు జారుతాయి. రబ్బరు చెప్పులతో ఎక్కడం ఏ కాలంలోనూ తగదు.

రక్షణ పట్టీలు

శరీరమంతటినీ పట్టి ఉంచే పట్టీలు, వాటికి తగిలించే తాడు కొని ఇస్తే బాధ్యత తీరిపోతుందని చాలామంది యజమానుల నమ్మకం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3521 ప్రకారం చేసినవి బజారులో దొరుకుతాయి. కాని లారీ టాపు విషయంలో ఒక చిక్కు ఉంది. పడినవాడిని మధ్యలో ఆపే పట్టీకి క్రింద కొంత ఖాళీ కావాలి. తాడు పొడవు సుమారు 1.8 మీటర్లు, కుదుపును పీల్చుకొనే భాగం విప్పుకోవడానికి మరో 1 నుండి 1.75 మీటర్లు, పట్టీ కొక్కెం నుండి పాదాల వరకు 1.5 మీటర్లు, ఆపైన కొంత మిగులు. మొత్తం 5 నుండి 6 మీటర్లు అవుతుంది. ఉన్న ఎత్తు నాలుగే. అంటే తాడును కాళ్ళ దగ్గర తగిలించుకొన్నవాడు పట్టీ ఆపకముందే నేలను తాకుతాడు.

ఈ కారణం వలన లారీ టాపుపై రెండు పద్ధతులే పనికివస్తాయి. మొదటిది, తలపైన ఉక్కు దూలం గాని తీగ గాని బిగించి, దానినుండి వేలాడే ముడుచుకొనే తాడుకు పట్టీని తగిలించడం. పడగానే కారు సీటు బెల్టువలె అది బిగుసుకొంటుంది. గోదాములు, పెద్ద మరమ్మతు శాలలు ఈ ఏర్పాటు చేసుకోవచ్చును. రెండవది, టాపు నడిమిగీత వెంట ఆధారం కట్టి, అంచును దాటనివ్వనంత పొట్టి తాడుతో మనిషిని కట్టివేయడం. ఇందులో పడడమే జరగదు. తాడును లారీ డాలా గొళ్ళేనికో, తాటిపత్రి మోకుకో కట్టుకోవడం రెండింటిలో ఏదీ కాదు, వట్టి భ్రమ. పట్టీలో వేలాడుతున్నవాడిని కొద్ది నిమిషాలలో దించకపోతే కాళ్ళలో రక్తం నిలిచి స్పృహ తప్పుతాడు కాబట్టి దించే ఏర్పాటు కూడా ముందే ఉండాలి.

ఎక్కకుండా పని చేయడం

భద్రతా శాస్త్రంలో పట్టీ చివరి మెట్టు. అసలు ఎక్కనవసరం లేకుండా చేయడం మొదటి మెట్టు. ఇసుక, కంకర టిప్పర్లకు పక్కనుండి చక్రం తిప్పితే పరచుకొనే తాటిపత్రులు వచ్చాయి. పక్కకు జరిగే తెరల ట్రైలర్లు, అడుగునుండి నింపే ట్యాంకర్లు, నేలపైనుండి తగిలించే పొడుగాటి కొక్కేలు ఇటువంటివే. నీళ్ళ ట్యాంకర్లకు నింపే చోట స్థిరమైన గొట్టం, దానికి నేలపైనుండి తిప్పే కవాటం ఉంటే సహాయకుడు పైకి పోనక్కరలేదు. లారీ ప్రక్కకు వచ్చి నిలిచే ఎత్తైన వేదిక, దానికి కంచె ఒక్కసారి కట్టే ఖర్చు. మార్కెట్ యార్డులో రోజుకు వందల లారీలకు పనికివస్తుంది. కొత్త మార్కెట్ కట్టేటప్పుడే ఇటువంటి వేదికలకు జాగా వదలడం, విద్యుత్ తీగలను భూగర్భంలో వేయడం తేలిక. కట్టిన తరువాత చేయడం చాలా కష్టం.

చట్టాలు

1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షను వాహనం పైభాగంపై ప్రయాణించడాన్ని నిషేధిస్తుంది. సరుకు బాడీ దాటి ప్రక్కలకు, పైకి పొడుచుకు వచ్చేలా నింపితే 2019 సవరణ ప్రకారం రూ. 20,000 జరిమానా. కార్ఖానాలలో ఎత్తుపై పనికి రక్షణ కల్పించే బాధ్యతను 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షను యజమానిపై పెట్టింది. ఈ చట్టంతో పాటు రేవు కార్మికుల భద్రతా చట్టం (1986), మోటారు రవాణా కార్మికుల చట్టం (1961) వంటివాటి స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి (2020) 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. సాధారణంగా పదిమందికి తక్కువ కాని సంస్థలకే ఈ స్మృతి వర్తిస్తుంది. ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు గల యజమాని ఆ లెక్కలోకి రాడు. టాపుపై పనిచేసేవారిలో అధికులు ఇటువంటి యజమానుల దగ్గరే ఉన్నారు.

హమాలీల కోసం ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేసింది. ప్రమాద పరిహారం విషయంలో 1923 నాటి చట్టం వాహనాల నడుపుదల, మరమ్మతులతో పాటు సరుకు ఎక్కించి దించే పనివారిని కూడా స్పష్టంగా పేర్కొన్నది. ఈ విషయం చాలామంది హమాలీ కుటుంబాలకు తెలియదు. ఆ చట్టం 2025 నవంబరు నుండి సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. పరిహారం కోరేవారు పని ఎవరి తరఫున చేస్తున్నారో చూపవలసి ఉంటుంది. కూలి చేతికి చేతికి ఇచ్చే చోట ఇదే పెద్ద అడ్డంకి; లోడు చీటీ, జట్టు మేస్త్రీ పుస్తకం అప్పుడు సాక్ష్యమవుతాయి. లారీ బీమా పాలసీలో డ్రైవరుతో పాటు క్లీనరు, హమాలీల బాధ్యత చేర్చారో లేదో యజమాని చూసుకోవాలి. అసంఘటిత కార్మికులు 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చును.

ప్రమాదం జరిగినప్పుడు

టాపుపైనుండి పడినవాడిని లేపి కూర్చోబెట్టడం, నీళ్ళు తాగించడం, ఆటోలో ముడిచి పడుకోబెట్టి తీసుకుపోవడం తరచు జరిగే పొరపాట్లు. వెన్నుపాము దెబ్బతిని ఉంటే ఈ కదలికల వలననే కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడవచ్చును. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పట్టుకొని, అక్కడే కదలకుండా ఉంచి, 108కి ఫోను చేయాలి. ఈ అంబులెన్సు సేవ రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. దారిలో నిప్పు, తీగ, వాహనాల వంటి ముప్పు ఉన్నప్పుడే కదిలించాలి; అప్పుడు చెక్క పలకపైకి నలుగురు కలిసి జరపాలి.

విద్యుత్ ఘాతం తగిలినవాడిని సరఫరా ఆగినట్లు రూఢి అయ్యేవరకు తాకరాదు. విద్యుత్ సంస్థ అత్యవసర సంఖ్య 1912. ఇంటి తీగ విషయంలో ఎండు కర్రతో తోయమని చెప్పే సలహా 11 కె.వి. తీగకు వర్తించదు. సరఫరా ఆగిన తరువాత శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. పైకి గాయం చిన్నదిగా కనిపించినా లోపలి కండరాలు, గుండె దెబ్బతిని ఉండవచ్చును కాబట్టి లేచి నడిచినవాడిని కూడా ఆసుపత్రిలో చూపించవలెను.